వసంత పేరు మీద పొలం

బాలమురళి వైఫై పాస్‌వర్డు మార్చేశాడు.

పూర్వం ఇంటి పెద్దకి కోపం వస్తే అన్నం మానేసి అరుగు మీద పడుకునేవాడు. మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో ఇళ్ళకి అరుగులు లేవు, అన్నం మానేస్తే బతిమాలే తీరిక కూడా ఎవరికీ లేదు. అందుకని అతను రౌటరు మీద చూపించాడు ప్రతాపం. యూనివర్సిటీ మానేసి ఇంట్లో కూర్చున్న కూతురికి ఇంటర్నెట్ ఎందుకని, గురువారం పొద్దున ఆఫీసు మీటింగులు మొదలుకాక ముందే ఆ పని పూర్తి చేశాడు. కొత్త పాస్‌వర్డు పదేళ్ళ పండుకి మాత్రం చెప్పి, అక్కకి చెప్పొద్దన్నాడు. వాడు చెప్పలేదు. వసంతకి మొగుడి కోపం కంటే అదే ఎక్కువ బాధనిపించింది.

ఆమె తన ఫోన్‌లోంచి కూతురికి హాట్‌స్పాట్ ఇచ్చింది. శుక్రవారం సాయంత్రానికి బాలమురళి అదీ కనిపెట్టాడు. అన్నం తింటున్నంతసేపూ ఆమె ఫోను వంక చూస్తూ తిన్నాడంతే.

లిఖిత తప్పల్లా ఒకటే. డెంటిస్ట్రీకి తొలి మెట్టైన బయోమెడికల్ డిగ్రీలో రెండు సెమిస్టర్లు చదివి, ఇది నా వల్ల కాదని బయటికొచ్చి, టేఫ్ అనే వృత్తివిద్యా కాలేజీలో కట్టుడు పళ్ళు తయారుచేసే డిప్లొమాలో సీటు తెచ్చుకుంది. ఆ పని మీద ఆ పిల్లకి పిచ్చి. ఒకసారి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మమ్మ తన పళ్ళ సెట్టు చిగుళ్ళకి ఒరుసుకుంటోందని గ్లాసులో పడేసి, పళ్ళు లేకుండానే నెలలు నెట్టుకొస్తుంటే చూసింది. అప్పట్నుంచీ మైనంతో దంతాలు చెక్కుతూ ఉంటుంది. వసంత వాటిని చూసింది. చిన్న వేలెడంత చోటులో గుంటలూ గట్లూ అన్నీ ఉంటాయి. ఆ వేళ్ళు తనవి కావు, తన తల్లివీ కావు, ఎక్కణ్ణుంచి వచ్చాయోనని ముచ్చటపడింది.

బాలమురళికి ముచ్చట లేదు. కూతురు డెంటిస్టు అవుతుందని మెల్‌బోర్న్ నుంచి పాలకొల్లు దాకా చెప్పుకున్న మనిషి. ఇప్పుడు డెంటిస్టులకి పళ్ళు చేసి అందించే పని నేర్చుకుంటుందని ఏ మొహంతో చెప్పుకోవాలని అతని బాధ. టేఫంటే అతని లెక్కలో ఐటీఐ. తన భార్య ఎమ్మెస్సీ చదివి వచ్చి, అదే టేఫ్‌లో సర్టిఫికెట్ చేసి, చైల్డ్‌కేర్‌లో పిల్లల ముక్కులు తుడిచి తెచ్చిన జీతంతోనే ఈ ఇంటి మొదటి వాయిదాలు కట్టాడన్నది ఆ లెక్కలోకి రాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

శనివారం పొద్దున వసంత పెసరట్లు పోస్తుంటే లిఖిత మెట్లు దిగి వచ్చి తండ్రి ఎదుట కూర్చుంది. వారం రోజులుగా ఆ పిల్ల దారులు వెతుకుతోంది. ప్రభుత్వం ఉచితంగా చెప్పించే కోర్సుల్లో ఆమెది లేదు. చదువుకునే పిల్లలకిచ్చే భృతి అడిగితే తల్లిదండ్రుల ఆదాయం చూస్తామన్నారు. బాలమురళి జీతం చూశాక ఇంకేం ఇస్తారు. కాలేజీ వాళ్ళు వాయిదాలకి ఒప్పుకున్నారు గానీ మొదటిది వచ్చే శుక్రవారం లోపల కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. సూపర్‌మార్కెట్‌లో సాయంత్రాలు నిలబడి సంపాదించేది అందులో సగానికి కూడా రాదు.

మిగిలింది స్టూడెంటు లోను. ఫీజు ప్రభుత్వమే కడుతుంది, ఉద్యోగం వచ్చి జీతం ఒక మోస్తరుకి చేరాక టాక్సుతో పాటు కొద్దికొద్దిగా పట్టుకుంటుంది. ఇక్కడ పుట్టిన పిల్లలు దాన్ని అప్పని కూడా అనుకోరు. లిఖిత అప్లికేషను సగం నింపి, ఈ దేశ పౌరురాలివేనా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

నాలుగేళ్ళ పిల్లగా వచ్చింది. పదిహేనేళ్ళుగా ఇక్కడే ఉంది. కానీ పౌరురాలు కాదు, ఉన్నది పీఆర్ అనే శాశ్వత నివాస వీసా.

“పీఆర్ ఉంటే లోన్ రాదంట నాన్నా,” అంది లిఖిత. “ఓన్లీ సిటిజన్స్. నీకు తెలుసా?”

“యూనికి ఫీజంతా నా చేత్తో ముందే ఎందుకు కట్టాననుకున్నావ్? సరదా పుట్టా?”

“అయితే నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏం చేసేదానివి?”

లిఖిత పళ్ళెంలో పెసరట్టుని అలాగే ఉంచి, తమ్ముడి గది వైపు చెయ్యి చూపించింది. “పండు ఇక్కడ పుట్టాడు. నేను భీమవరంలో పుట్టాను. అంతే డిఫరెన్స్. వాడు ఏం చదువుకుంటానన్నా గవర్నమెంట్ లోన్ ఇస్తుంది. నేను మాత్రం నీ కాళ్ళు పట్టుకోవాలి.”

“పట్టుకుంటే తప్పేంటి? తండ్రినేగా.”

“ఇన్నేళ్ళూ ఎందుకు సిటిజన్‌షిప్ తీసుకోలేదు మనం?”

ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకటే జవాబు. బాలమురళి దాన్నే మళ్ళీ చెప్పాడు. కంగారూ బొమ్మ పాస్‌పోర్టు తీసుకున్నవాడు ఇండియాలో సెంటు పొలం కొనలేడు. పొలం కొనలేని బతుకు ఎందుకు. పండుది పుట్టుకతో వచ్చింది కాబట్టి చేసేదేమీ లేదు, మిగిలిన ముగ్గురమూ అశోకుడి సింహాలతోనే ఉందాం. లిఖిత పదేళ్ళ వయసు నుంచీ వింటున్న పాట ఇది.

ఆ పాట ఉత్తిదేమీ కాదు. వచ్చిన దగ్గర్నుంచీ అతను ఊళ్ళో మూడుసార్లు పొలం కొన్నాడు. మూడూ వసంత పేరు మీదే. అది ప్రేమ అనుకుంటే పొరపాటు. అతని పేరున భూమి నిలవదని, భార్య జాతకంలో భూయోగం ఉందని పాలకొల్లు సిద్ధాంతిగారు చెప్పారు. ప్రాజెక్టు ప్లానులు వేసి వందమందిని నడిపించే మనిషి ఆ ఒక్క మాటకి మాత్రం ఎదురు చెప్పలేదు. కొన్న ప్రతిసారీ వసంత ఇక్కడ నోటరీ ముందు పవరాఫ్ అటార్నీ కాగితం మీద సంతకం పెట్టేది. అక్కడ ఆమె అన్నయ్య కనకరాజు ఆ కాగితంతో రిజిస్ట్రేషను చేయించేవాడు. ఆమె ఆ చేల గట్టు కూడా తొక్కింది లేదు.

ఇప్పుడు నాలుగోది. కాలవ దిగువన ఎకరన్నర. అడ్వాన్సు ఇచ్చేశారు. సోమవారం నోటరీ దగ్గరికి వెళ్ళాలి.

“ఆ పొలం డబ్బులోంచి నా ఫస్ట్ ఇన్‌స్టాల్‌మెంట్ కట్టు,” అంది లిఖిత. “తిరిగి ఇచ్చేస్తాను.”

“పళ్ళ సెట్లు చేసా?” అని బాలమురళి పెసరట్టు తుంచుకున్నాడు. ఆ పిల్ల లేచి మెట్లెక్కి వెళ్ళిపోయింది. పెనం మీద అట్టు మాడిపోతోందని వసంతకి వాసన వచ్చే దాకా తెలియలేదు.

ఆ మధ్యాహ్నం ద్వారకానాథ్ వచ్చాడు.

అతను బాలమురళికి స్నేహితుడు, టాక్సులు చూసే అకౌంటెంటు. ఈ చుట్టుపక్కల సగం మంది తెలుగువాళ్ళ ఆదాయాలు అతని నోట్లోనే ఉంటాయి, కానీ ఎప్పుడూ బయటికి రావు. పవరాఫ్ అటార్నీ రాతలో పేర్లూ సర్వే నంబర్లూ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసిపెట్టమని బాలమురళి పిలిచాడు. ఎండ మండిపోతోంది. అతను నిక్కరు వేసుకుని, మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని వచ్చి, సోఫాలో కూర్చుని కాగితాలు తిప్పసాగాడు. వసంత టీ పెట్టింది.

లిఖిత కిందికి దిగి వచ్చింది. ముఖం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, పెద్దమనిషిని పలకరించే తీరులో వచ్చింది. కూతురు అంత పద్ధతిగా ఎప్పుడు ఉంటుందో తల్లికి తెలుసు.

“అంకుల్, ఒక డౌట్. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండి ఇక్కడ సెటిలైన వాళ్ళు ఇండియాలో పొలం కొనొచ్చా?”

“నీకెందుకమ్మా అవన్నీ,” అని నవ్వాడు ద్వారకానాథ్.

“ఆన్‌లైన్‌లో చదివాను. కొనకూడదు అని ఉంది. రాంగేమో అని అడుగుతున్నాను.”

ఆ పిల్ల లైబ్రరీకి పోయి చదివి వచ్చిందని వసంతకి అర్థమైంది. ద్వారకానాథ్ కళ్ళజోడు తీసి బాలమురళి వంక చూశాడు. బాలమురళి టీవీ వంక చూస్తున్నాడు. టీవీ ఆపేసి ఉంది.

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి కావడం ద్వారకానాథ్ దురదృష్టం. రూలు ప్రకారం కొనకూడదనే చెప్పాడు. దేశం బయట కాపురం ఉన్నవాళ్ళు, పాస్‌పోర్టు ఏదైనా సరే, వ్యవసాయ భూమి కొనకూడదు. పెద్దల నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కొనేవాళ్ళు కొంటున్నారనుకో, అది వేరే సంగతి. ఇళ్ళూ ఫ్లాట్లూ అయితే ఏ పాస్‌పోర్టుతోనైనా కొనుక్కోవచ్చు.

“సో, పాస్‌పోర్ట్‌కీ పొలానికీ సంబంధం లేదు,” అంది లిఖిత.

అక్కడితో ఆగితే బాగుండేది. స్నేహితుణ్ణి వెనకేసుకు రావాలని ద్వారకానాథ్ ఇంకొక మాట అన్నాడు. కొన్ని ఇళ్ళల్లో సాయమే ఎక్కువ చెరుపు చేస్తుంది.

“మీ నాన్నకి తెలీదనుకోకు, ఆయనకన్నీ తెలుసు. నేనెప్పుడో చెప్పాను. నువ్వు ఇయర్ నైన్‌లో ఉన్నావు అప్పుడు, మా అభినవ్‌తో పాటు డిబేటింగ్‌కి వెళ్ళేదానివి చూడు, ఆ ఏడు. మేం సిటిజన్‌షిప్‌కి పెట్టుకుంటూ మీ నాన్నని కూడా పెట్టుకోమన్నాను. పదహారు దాటకముందే పెట్టుకుంటే పిల్లలు కూడా మన అప్లికేషన్లోనే వచ్చేస్తారని.”

ఇయర్ నైన్ అంటే పధ్నాలుగేళ్ళు. వసంత చేతిలో బిస్కెట్ల పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకి తోచలేదు.

ఆ ఏడే ఆమె కూడా తనకీ లిఖితకీ కలిపి ఫారాలు నింపింది. ఆమె స్నేహితురాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు పౌరసత్వ ప్రమాణాలు చేసి, ఆ సభలో ఇచ్చే చెట్టు మొక్కలు బహుమతిగా తెచ్చుకుంటున్న రోజులవి. బాలమురళి ఆ ఫారాల మీద చెయ్యి పెట్టి, పొలం మాటేమిటే అన్నాడు. ఆమె వాటిని తీసి పక్కన పెట్టింది. అప్పటికే అతనికి తెలుసన్నమాట. పొలానికీ ఆ ఫారాలకీ సంబంధం లేదని తెలిసే అన్నాడు.

ద్వారకానాథ్ టీ సగం తాగి, ఎండ ఎక్కువగా ఉందని, ఇంట్లో పని ఉందని రెండు కారణాలు చెప్పి వెళ్ళిపోయాడు. రెండు కారణాలు చెప్పినవాడికి ఒక్కటీ ఉండదు. లిఖిత తండ్రి వంక చూసింది. కోపంగా చూసినా బాగుండేది. దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

“మీకు తెలుసు,” అంది వసంత.

బాలమురళి కాగితాలు సర్దుకుంటున్నాడు. తెలిస్తే ఏమైందని, చట్టాలు వంద ఉంటాయని, ఊళ్ళో అమెరికా వాళ్ళూ దుబాయి వాళ్ళూ కొంటూనే ఉన్నారని అన్నాడు. తను మాత్రమే గిరిగీసుకు కూర్చోవాలా అన్నాడు.

“పొలం సంగతి కాదు నేనడిగేది. ఆ రోజు ఫారాలు ఎందుకు ఆపారు?”

అతను గరాజులోకి వెళ్ళాడు. ఆమె కూడా వెళ్ళింది. వెనక్కి తగ్గుతుందని అతను ఎదురుచూశాడు, ఎప్పుడూ తగ్గేదే కాబట్టి. ఆమె వాషింగ్ మెషీను పక్కన నిలబడి ఉంది.

“పాస్‌పోర్టు మారితే అక్కడ నేను చుట్టాన్ని, వసంతా. ఊళ్ళో దిగగానే ఎప్పుడొచ్చావ్, ఎప్పుడెళ్తావ్ అని అడుగుతారు. పొలం ఉన్నవాణ్ణి అలా అడగరు. గట్టు మీద నిలబడితే నా ఊళ్ళో నేనున్నట్టుంటుంది.”

ఆ మాటలో నిజం ఉంది. ఈ దేశంలో ఆఫీసులో అందరూ అతన్ని బాల అని పిలుస్తారు, ఆ పేరు పలకడానికి కూడా ముందు కొంచెం ఆలోచిస్తారు. వసంతకి ఒక్క క్షణం అతని మీద జాలేసింది. జాలేసినందుకు ఇంకా మండింది.

“ఆ మాట అప్పుడే నాతో అనొచ్చుగా.”

“అంటే ఒప్పుకునేదానివా?”

“లేదు.”

“అందుకే అనలేదు.”

అతను ఎంత మామూలుగా అన్నాడో అంత లోతుగా దిగింది ఆ మాట. ఇన్నేళ్ళ కాపురంలో అతను తనని మోసం చేశాడని ఆమెకి అనిపించడం అదే మొదలు. కూతురి బతుకులో అయిదేళ్ళు తీసుకుపోయి ఒక గట్టు మీద నిలబడ్డాడు. దానికి ఆమె చేతనే సంతకాలు పెట్టించాడు.

లిఖిత ఇప్పుడు సొంతంగా అప్లికేషను పెట్టుకోవచ్చు. నిజానికి కిందటి నెలే, అతనికి చెప్పకుండా, తల్లీ కూతుళ్ళు కలిసి లిఖిత పేరున పెట్టారు కూడా. అయితే అది తేలడానికి నెలలు పడుతుంది. ఫీజు గడువు శుక్రవారం. వసంత జీతం నేరుగా ఇంటి వాయిదాల ఖాతాలోకి పోతుంది.

“అయిందేదో అయింది. ఆ మొదటి వాయిదా కట్టండి,” అంది. “మిగతావి అది చూసుకుంటుంది. సిటిజన్‌షిప్ వచ్చాక లోను అడుగుతుంది.”

సోమవారం సంతకం అయ్యాక మాట్లాడదామన్నాడు. ముందు ఫీజు కట్టండి, తర్వాత సంతకం అంది. అతను నవ్వాడు. తన భార్య బేరమాడటం అతనికి కొత్త. యూనికి తిరిగి వెళ్తానని ఆ పిల్లని ఒక్క మాట చెప్పమను, ఇప్పుడే, ఈ నిమిషమే సెమిస్టరు ఫీజంతా కడతానన్నాడు. టేఫ్‌కి మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వనన్నాడు. గరాజు పైనే లిఖిత గది. ఆ ఇళ్ళ గోడలు అట్ట ముక్కలు. అన్నీ పైకి వినిపిస్తాయని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. పండు ఒక్కడే అందరితోనూ మాట్లాడి, ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి ఈతకి వెళ్తానని గొడవ పెట్టాడు. బాలమురళి వాణ్ణి తీసుకుని వెళ్ళాడు. అప్పుడు వసంత అన్నం పళ్ళెం పట్టుకుని పైకి వెళ్ళింది.

లిఖిత నేల మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మంచం పక్కన సూట్‌కేసు తెరిచి ఉంది. ఎక్కడికని వసంత అడిగింది. పనిచేసే చోట ఒకమ్మాయి డాండెనాంగ్‌లో గది తీసుకుందట, ఇద్దరూ కలిసి ఉంటారట, పగలు కూడా షిఫ్టులు చేస్తుందట. చదువు వచ్చే ఏడు చూసుకుంటుందట. వసంతకి ఆ వచ్చే ఏడు తెలుసు. తను కూడా ఎమ్మెస్సీ తర్వాత పీహెచ్‌డీ వచ్చే ఏడే చేద్దామనుకుంది.

సీటు వదులుకోవద్దని, తను ఏదో ఒకటి చేస్తానని చెప్పింది. ఏం చేస్తావని లిఖిత అడగలేదు. మడతపెట్టిన చొక్కాని మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

“రేపు నువ్వు సైన్ చెయ్యొద్దని నేను అడగనమ్మా. అది నీ ఇష్టం. కానీ తర్వాత నా దగ్గరికొచ్చి, నాకింకో దారి లేదే అని మాత్రం అనకు. ప్లీజ్. చిన్నప్పట్నుంచీ అదే వింటున్నాను.”

“నా దారుల గురించి నీకేం తెలుసే?”

“తెలీదు. నువ్వెప్పుడూ చూపించలేదుగా.”

వసంత చెయ్యి లేచింది. లేచిన చెయ్యి ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంది. కూతురు ఆ చేతినే చూస్తూ కూర్చుంది, కొడితే తీసుకుందామన్నట్టు. పళ్ళెం అక్కడ పెట్టి ఆమె కిందికి వచ్చేసింది. అంత కోపం ఆమెకి ఎవరి మీదా రాలేదు, బాలమురళి మీద కూడా. ఆ పిల్ల అన్నది నిజం కావడమే అందుకు కారణం.

సోమవారం ఆమె చైల్డ్‌కేర్‌కి సెలవు పెట్టింది. బాలమురళి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కారులో అతను చాలా మంచిగా ఉన్నాడు. పని జరగబోయే ముందు అతనెప్పుడూ మంచిగానే ఉంటాడు. కనకరాజు పొద్దున్నే ఫోన్ చేశాడని, అమ్మేవాళ్ళు తొందర పడుతున్నారని, దిగువ చేనుకి నీళ్ళ తగువు లేదని చెప్పాడు. సంతకం అయ్యాక బెర్విక్‌లో దోశలు తిందామన్నాడు. వైఫై పాస్‌వర్డు సాయంత్రం మళ్ళీ మార్చేస్తానని కూడా అన్నాడు, వరమిచ్చినట్టు.

వసంత కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కడుతున్న ఇళ్ళు, కట్టిన ఇళ్ళు, కట్టబోయే ఇళ్ళ బోర్డులు. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అడ్వాన్సు పోతుంది. అన్నయ్యకి మాట పోతుంది. ఈ మనిషి తనతో ఎన్ని నెలలు మాట్లాడడో చెప్పలేం. సంతకం పెడితే ఏమవుతుందో కూడా తెలుసు. శుక్రవారం లిఖిత సూట్‌కేసు మెట్లు దిగుతుంది.

నోటరీ తలంతా నెరిసిన ఒక లాయరమ్మ. నిదానమైన మనిషి. వసంత పాస్‌పోర్టు తీసుకుని, ఫొటోనీ మొహాన్నీ మార్చి మార్చి చూసి, కాగితాలన్నీ ఒక్కో పేజీ తిప్పింది. బాలమురళి పక్క కుర్చీలో ముందుకు వంగి, ఏ పేజీలో ఎక్కడ సంతకం చెయ్యాలో వేలితో చూపిస్తున్నాడు. వసంతకి ఆ చోట్లన్నీ తెలుసు. మూడుసార్లు పెట్టింది.

“ఇందులో ఏం రాసి ఉందో మీకు పూర్తిగా తెలుసా?” అని అడిగింది నోటరీ. “మీ సొంత ఇష్టంతోనే సంతకం చేస్తున్నారా?”

“యెస్, యెస్,” అన్నాడు బాలమురళి.

అందులో దురుద్దేశం ఏమీ లేదు. రెస్టారెంటులో ఆమెకి ఏం కావాలో చెప్పడం, డాక్టరు దగ్గర ఆమెకి ఎక్కడ నొప్పో చెప్పడం అతనికి అలవాటు. ఇదివరకటి మూడుసార్లు కూడా అతనే చెప్పాడు. అప్పుడు నోటరీ వేరు, ఆమె తలూపితే చాలనుకున్నాడు.

ఈవిడ కలం పక్కన పెట్టింది. నేను అడిగింది ఆవిడనండీ అంది.

బాలమురళి వసంత వైపు తిరిగి, తొందరగా కానివ్వమన్నట్టు కళ్ళతో చెప్పాడు. ఆమె అతని మొహం కాకుండా అతని వేలిని చూసింది. అది ఇంకా సంతకం చెయ్యాల్సిన చోటు మీదే ఉంది.

“లేదు,” అంది ఇంగ్లీషులో. “నా ఇష్టంతో కాదు.”

బాలమురళి నవ్వబోయాడు. తన భార్యకి ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదని నోటరీకి చెప్పాడు. వసంతకి తెలుగులో, పళ్ళ మధ్య నుంచి, ఇదేం ఆటలని అడిగాడు. ఇంటికెళ్ళాక చూసుకుందామన్నాడు. నోటరీకి తెలుగు రాదు, కానీ ఆ గొంతు ఏ భాషలోనైనా ఒకలాగే ఉంటుంది. ఆవిడ లేచి, కాసేపు బయట కూర్చోండి, మీ భార్యతో నేను విడిగా మాట్లాడాలని మర్యాదగానే చెప్పి తలుపు తీసి పట్టుకుంది.

అతను కదల్లేదు. వసంత ఆపుతుందని చూశాడు. ఆమె ఆపలేదు. అప్పుడు లేచి, చొక్కా సర్దుకుని, ఆమె వైపు చూడకుండా బయటికి నడిచాడు. అతను లేకుండా ఒక కాగితం ముందు కూర్చోవడం ఆమెకి ఇదే మొదటిసారి. భయం వేసింది. భయంతో పాటు ఎప్పుడూ లేనంత తేలిగ్గా కూడా అనిపించింది.

నోటరీ తలుపు వేస్తూ, మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేరు, ఈ కాగితాలు పక్కన పెట్టేస్తానంది.

“పక్కన పెట్టకండి,” అంది వసంత. “ఇది కొనడానికి రాసిన పవర్. ఇదివరకు కొన్న పొలాలు మూడూ నా పేరు మీదే ఉన్నాయి. వాటిల్లో ఒకటి అమ్మడానికి ఇలాంటిదే కావాలి నాకు. మా అన్నయ్య పేరు అలాగే ఉండనివ్వండి. ఈ శుక్రవారం లోపలే అడ్వాన్సు తీసుకునే హక్కు కూడా అందులో రాయాలి.”

తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. బయట బాలమురళి అడుగుల చప్పుడు ఆగిపోయింది.